వెండెల్ జవాబులు

కెనడాలోని సస్కచవాన్‌లో మే నెల. ఊరి క్లినిక్‌లో మానసిక వైద్యుడు ఫ్రీసెన్ ఎదుట రైతు వెండెల్ భార్య లోర్నా ఒక్కతే కూర్చుంది.

"ఇద్దర్నీ రమ్మన్నాను కదమ్మా లోర్నా. వెండెల్ ఏడీ?"

"విత్తనాలేస్తున్నాడు. వానొచ్చేలోపు ఇంకా నాలుగొందల ఎకరాలు వెయ్యాలి. మీరు పిలిస్తే మాత్రం ట్రాక్టర్ దిగుతాడా? అసలు నేనే అడగాలి మిమ్మల్ని. నాలుగు నెలల్లో మూడు మందులు మార్చారు! మనిషికి చేతులు వణుకుతున్నాయి. మొన్న ట్రాక్టర్ మీదే నిద్రపోయి కంచెలోకి పోనిచ్చాడు."

"నేనేం ఊహించి రాయట్లేదు. రోజూ ఫోన్లో అడిగే ప్రశ్నలకి ఆయనిచ్చే జవాబులు చూసి, ఆయనకి ఏ మందు సరిపడుతుందో కంప్యూటర్..."

"తగలెయ్యండి ఆ కంప్యూటర్ని! వేలమందిని చూసి నేర్చుకుందన్నారు. మా ఒక్కడి దగ్గరకొచ్చేసరికి దాని తెలివి తెల్లారినట్టే ఉంది."

"నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి ఆయన రాసింది చూసే కదా, భయపడి పొద్దున్నే ఫోన్ చేశాను."

"ఒంటిగంటకా? అప్పుడు పొలంలో... ఆఁ, రాసుంటాడు."

"ఫోన్ పొలానికి తీసుకెళ్తాడా?"

"తీసుకెళ్తాడు. ఒక్కోసారి."

"లోర్నా."

"ఆ జవాబులు నేనే నొక్కుతున్నా! సరేనా? ఆయన్ని అడిగితే 'బానే ఉన్నా' అంటాడు. 'బానే ఉన్నా' తప్ప ఇంకో మాట రాదు ఆ నోట్లోంచి. ముప్ఫయ్యేళ్ళ కాపురం, ఆయన మనసు నాకు తెలీదా?"

"అయ్యో రాత! నీ జవాబులు చూసి ఆయన చేత మందు మింగిస్తున్నానా ఇన్నాళ్ళూ? ఒక్క మాట చెప్పొద్దూ?"

"మీరు మాత్రం? ఒక్కసారైనా ఆయన మొహం చూసి మాట్లాడారా? వచ్చినప్పుడల్లా ఆ తెర వంకే చూశారు."

"...నిజమే. తప్పు నాదీ ఉంది. ఇవాళే పొలానికొచ్చి చూస్తాను. ముందు ఇవి చెప్పు. జవాబుల్లో 'తెల్లారుజామున మూడింటికే మెలకువ' అనుంది. వెండెల్ ఎలా నిద్రపోతాడు?"

"మొద్దులా. గురక కూడానూ."

"'తిండి సహించట్లేదు'?"

"నిన్న నా పళ్ళెంలో మాంసం కూడా తనే తిన్నాడు."

"నువ్వు తినలేదా?"

"ఆకలి లేదు నాకు. నా సంగతెందుకిప్పుడు?"

"'నేను లేకపోయినా ఇంట్లో ఎవరికీ తేడా తెలీదు.' ఇది నిన్నటిది. ఆయన ఎప్పుడైనా ఈ మాట అన్నాడా?"

"అనలేదు."

"మరి ఎవరిదమ్మా ఆ మాట?"

"మొదట్లో ఆయన కోసమే రాశాను డాక్టర్. ఆయనకేమనిపిస్తుందో అని ఆలోచించి మరీ రాశాను. తర్వాత్తర్వాత... రోజూ ఒంటిగంట కొట్టగానే ఆ ఫోన్ 'ఇవాళ నీకెలా ఉంది?' అని అడుగుతుంది కదా. నన్ను ఆ మాట ఇంకెవరూ అడగరు."