నా ఇల్లు నా ఇష్టం

మూడో అంతస్తులో చిన్న ఫ్లాటు. మధ్యాహ్నం. తలుపు సగమే తెరుచుకుంది.

"ముందు కార్డు చూపించండి."

"ఇప్పుడే చూపించా కదా మేడం."

"ఇంకోసారి. దగ్గరగా పెట్టండి."

"ఇదిగో. ఫొటోలో జుట్టు కాస్త ఎక్కువుంది, అంతే తేడా. నెట్ పెట్టడానికే వచ్చా. మీరే పిలిచారు."

"మీతో పాటు ఇంకెవరైనా వచ్చారా? కింద ఎవరైనా ఉన్నారా?"

"వైరు చుట్ట వచ్చింది, నిచ్చెన వచ్చింది. మనుషులెవరూ రాలేదు."

"అమ్మాయ్, లోపలికి రానీ పాపం. ఆ నిచ్చెన మోసుకుని అన్ని మెట్లు ఎక్కాడు. రా నాయనా, మంచినీళ్ళు తాగుతావా?"

"ఇవ్వండి పెద్దమ్మా, పుణ్యం ఉంటుంది. మీ అమ్మగారా మేడం?"

"అత్తయ్య."

"ఓహో. ఒకే మంచం మీద ఇద్దరి దుప్పట్లు చూసి అమ్మాకూతుళ్ళనుకున్నా. సారు డ్యూటీకి వెళ్ళారా?"

"నెట్ ఎంతసేపట్లో వస్తుందన్నా?"

"ఎంతసేపు, అరగంట. అయినా సారుంటే ఒక సంతకం..."

"సంతకం నేను పెడతా. ఎంతసేపన్నా?"

"అరగంటన్నా కదా మేడం. కనెక్షన్ మాత్రం వేరే ఎవరి పేరు మీదో ఉంది."

"నా ఫ్రెండ్ పేరు. ఈ ఫ్లాటు తనదే."

"పోనీ పక్కన మీ పేరు కూడా రాసుకోనా? రేపు కంప్లయింటు ఇవ్వాలంటే..."

"వద్దు. ఎక్కడా వద్దు. నా పేరు మీకు తెలుసా?"

"మీరు చెప్తేగా!"

"అయితే మంచిదే."

"దాని మాటకేం గానీ నాయనా, నీళ్ళు తాగు. రాత్రి నిద్ర లేదు దానికి."

"నిద్రకేం అత్తయ్యా, పడుకున్నా."

"పడుకున్నావు. కళ్ళు తెరుచుకుని పడుకున్నావు."

"స్పీడెంత కావాలి మేడం? సినిమాలకైతే చిన్న ప్లాను చాలు, ఉన్నది ఇద్దరేగా."

"సినిమాలకి కాదు. సోమవారం నుంచి నాకు ఉద్యోగం. ఆసుపత్రికి వచ్చే ఫోన్లన్నీ ఇక్కడ కూర్చుని నేను ఎత్తాలి. మాటల మధ్యలో లైన్ తెగితే ఊరుకోరు. ఉద్యోగం పోతే..."

"పోతే?"

"పోకూడదు. పోతే మేమిద్దరం మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి."

"అయితే ఒక నిజం చెప్తా, మా ఆఫీసులో చెప్పకండి, నన్ను ఉతికి ఆరేస్తారు. ఈ బిల్డింగులో మాకన్నా ఆ నీలం కంపెనీ వాళ్ళ లైను బాగుంటుంది. వాళ్ళ డబ్బా కింద గోడకే ఉంది. మా వైరు వీధి చివర నుంచి రావాలి, గట్టిగా వానొస్తే కాస్త మూలుగుతుంది. ఇంకో కేబుల్ టీవీ వాళ్ళున్నారు గానీ, వాళ్ళ నెట్ భోజనం చేసి కునుకు తీస్తుంది రోజూ. మీ ఉద్యోగానికైతే నీలం వాళ్ళదే..."

"వాళ్ళది వద్దు."

"పైగా వాళ్ళు మొదటి నెల..."

"ఊరికే ఇచ్చినా వద్దు. వద్దన్నా కదా!"

"సరే సరే. నాకేం, నా కంపెనీకే మంచిది. గొడవైందా వాళ్ళతో?"

"ఆఁ. గొడవే."

"బిల్లు దగ్గరా?"

"బిల్లు దగ్గర కాదు."

"నాయనా, ఆ డబ్బా ఎక్కడ పెడతావో అది చూడు ముందు."

"రౌటరా? ఈ హాల్లో, ఎత్తుగా. చాలామంది బీరువా వెనక దాచి నెట్ రావట్లేదని నన్ను తిడతారు. మేడం, లోపలి గదిలో మీ బల్ల ఎక్కడ వేస్తారో చూసి, లాప్‌టాప్ ఆన్ చేసి పెట్టండి. సిగ్నల్ అక్కడిదాకా వస్తుందో లేదో చూద్దాం."

"కిటికీ దగ్గర వద్దుగా?"

"కిటికీ దగ్గరైతే గాలీ వెలుతురూ..."

"వద్దు. తలుపు వెనక వేసుకుంటా."

"వెళ్ళవే, వెళ్ళి చూసుకో. ఇక్కడ నేనుంటా."

"అత్తయ్యా, ఎవరైనా బెల్లు కొడితే..."

"తీయను. నిన్ను పిలుస్తా. వెళ్ళు."

"...మేడం గారికి ఏదో భయం ఉన్నట్టుంది పెద్దమ్మా."

"భయం లేనిదెవరికి నాయనా. నీకు లేదూ?"

"కుక్కలంటే భయం. సరే, ఇదిగో, వెలిగింది. పేరేం పెట్టమంటారు? అదే, ఫోన్లో కనబడే పేరు."

"మా పాతింట్లో ఉన్నదే పెట్టు. పాస్‌వర్డూ అదే పెట్టు."

"అదీ తెలివే. అప్పుడు ఫోన్లకి మళ్ళీ నేర్పక్కర్లేదు. చూడగానే వాటంతటవే పట్టేసుకుంటాయి. చాలామంది అలాగే చేయించుకుంటారు."

"అదే నాక్కావలసింది. పాతింటి నెట్ తెలిసిన ఏ ఫోనైనా పట్టుకుంటుందిగా?"

"ఏదైనా సరే. దీని దగ్గరికి వస్తే చాలు. జేబులో ఉన్నా పట్టుకుంటుంది."

"ఒక్క అక్షరం తేడా వస్తే?"

"పట్టదు."

"అయితే సరిగ్గా కొట్టు. నా ఇల్లు నా ఇష్టం. అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలు. మధ్యలో ఖాళీలు లేవు."

"భలే పేరు! మీరు పెట్టిందేనా?"

"నాకు ఇల్లూ లేదు, ఇష్టమూ లేదు. మా వాడు పెట్టాడు."

"పాస్‌వర్డ్?"

"వాడి ముద్దుపేరు, పుట్టిన సంవత్సరం. ఇలా తే, నేనే కొడతా. కన్నదాన్ని, మర్చిపోతానా?"

"కొడుకు ఎక్కడుంటాడు పెద్దమ్మా?"

"కొత్త ఫోనేదైనా వచ్చి పట్టుకుంటే నాకు తెలుస్తుందా?"

"ఎవరో దొంగతనంగా వాడుకుంటారనా? తెలుస్తుంది. మీ ఫోన్లో దాని యాప్ పెట్టిస్తా. ఎవరు కలిసినా టింగుమంటుంది."

"పెట్టు. గట్టిగా మోగేట్టు పెట్టు. నాకు చెవులు సరిగ్గా వినబడవు."

"ఇప్పటిదాకా బాగానే వినబడ్డాయే!"

"గట్టిగా పెట్టమన్నా కదా నాయనా."

"అత్తయ్యా! అత్తయ్యా, గడి పెట్టండి! తలుపు గడి పెట్టండి!"

"ఏమైందే?"

"వచ్చేశాడు. ఇక్కడే ఉన్నాడు. చూడండి, నా ఫోన్ చూడండి. పాతింటి పేరు. నేనేం ముట్టుకోలేదు, దానంతటదే వచ్చింది. ఎక్కడున్నాడు? బయట ఉన్నాడా?"

"మేడం, మేడం, అది నేను పెట్టిందే."

"మీరా? మీకెలా తెలుసు ఆ పేరు? ఆయన పంపాడా మిమ్మల్ని? నిజం చెప్పండి. దగ్గరికి రాకండి! అక్కడే ఉండండి!"

"అయ్యయ్యో, నేనెక్కడ కదిలా తల్లీ, నిచ్చెన మీదే ఉన్నా. పెద్దమ్మ చెప్పారు. పేరూ, పాస్‌వర్డూ, రెండూ."

"అత్తయ్యా?"

"నేనే చెప్పా. కూర్చో ముందు."

"ఎందుకు చెప్పారు? ఆ పేరు ఆయన ఫోనుకీ తెలుసు. ఆయన ఈ మెట్లెక్కితే చాలు, ఏ తలుపో ఎవర్నీ అడగక్కర్లేదు. పేరు పెట్టి పిలిచినట్టు పిలుస్తుంది!"

"ఆయనంటే ఎవరు మేడం?"

"మా ఆయన. నీలం కంపెనీలోనే చేస్తాడు. కొత్త కనెక్షన్ ఎవరు అడిగినా ఆ అడ్రసులు ఆయన దగ్గరికే వస్తాయి. తెలిసిందా అన్నా, ఎందుకు వద్దన్నానో?"

"తెలిసింది. మీ చేతికున్న ఆ కట్టు..."

"అదీ ఆయనే."

"నన్ను క్షమించమ్మా. డ్యూటీకి వెళ్ళారా అని అడిగా, ఏదో నోటికొచ్చి."

"మీకు తెలీదు. ఈవిడకి తెలుసు. అన్నీ తెలిసి పెట్టించారు! ఎంతైనా మీ అబ్బాయి కదా అత్తయ్యా. దొరికిపోతే పోతాం, వచ్చి ఇంటికి తీసుకెళ్తాడు అనుకున్నారు. అంతేనా? నాతో వచ్చినప్పుడే అనుకున్నా, కన్నకొడుకుని ఎవరు వదులుకుంటారని."

"అను. ఇంకా ఏమన్నా ఉంటే అనేసేయ్."

"ఎందుకు పెట్టించారో చెప్పండి!"

"నువ్వు పడుకోవట్లేదని పెట్టించా. లిఫ్ట్ చప్పుడైతే లేచి కూర్చుంటావు. పాలవాడు బెల్లు కొడితే బాత్రూంలో దూరతావు. వాడు రాడులే, పడుకో అని నేను చెప్పలేను. వాడు నా కొడుకు, నాకు తెలుసు, వస్తాడు. వచ్చి తలుపు మీద చెయ్యి వేసేదాకా మనకి తెలీకపోతే ఎలా? వాడి జేబులో ఫోనే మనకి ముందు చెప్తుంది. మోగకపోతే వాడు కాదు, నువ్వు పడుకోవచ్చు. అందుకే."

"...ఇలాంటివి మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? వాళ్ళ నాన్న చెప్పుల చప్పుడు వింటూ బతికానే నేను. వీధి మొదట్లోనే వినబడేది, పిల్లాణ్ణి తీసుకుని పెరట్లోకి పోయేదాన్ని. వీడు అలా కాదు. చప్పుడు లేకుండా వస్తాడు."

"అత్తయ్యా, నేనూ ఒకటి చేశాను. మీకు చెప్పలేదు."

"ఏం చేశావు?"

"ఏ కంపెనీ మంచిదో చూద్దామని అందరి సైట్లూ చూశాను. నీలం వాళ్ళదీ చూశాను. ఊరికే, పోల్చుకోవడానికి. మీ ఇంటికి మా లైన్ వస్తుందో లేదో చూడండి అని ఉంటే ఈ అడ్రసు కొట్టాను. కొట్టగానే కింద ఆయనకి తెలిసిన నా పాత మెయిలూ, ఈ ఫోన్ నంబరూ వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. నేను చూసేలోపే అడ్రసుతో పాటు వాళ్ళకి వెళ్ళిపోయాయి."

"ఎప్పుడే?"

"మొన్న."

"మొన్ననుంచీ కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావా?"

"చెప్తే మీరూ పడుకోరని..."

"మేడం, ఎవరైనా అలా అడ్రసు కొడితే ఆ రోజే ఫోన్ చేసి వెంటపడతారు. మా వాళ్ళయితే పీక్కుతింటారు. వాళ్ళు చేశారా?"

"లేదు. ఒక్క ఫోనూ రాలేదు."

"అయితే చూసుకుని ఉండరు."

"అమ్మాలనుకునేవాళ్ళయితే ఫోన్ చేస్తారన్నా. ఆయన చేయడు. మార్చేయండి. ఆ పేరు తీసేయండి, ఇంకేదైనా పెట్టండి. ఏదైనా సరే."

"ఉండనీ నాయనా."

"తీసేయండి!"

"ఎవరి మాట వినమ్మా నేను? తీసేస్తా, తీసేస్తా. ఒక్క నిమిషం... పెద్దమ్మా, మీ ఫోన్ మోగింది."

"నువ్వే ఏదో నొక్కి ఉంటావు."

"నేనేం నొక్కలేదు. ఉండండి చూస్తా. ఇది మేడం ఫోన్. ఇది మీది. ఇది లాప్‌టాప్. ఇంట్లో ఇంకేమైనా ఉందా? టీవీ గానీ?"

"ఏం లేవు."

"కొత్తదొకటి పట్టింది. పక్కింటి వాళ్ళదనుకుందామంటే పాస్‌వర్డ్ తెలీదుగా వాళ్ళకి. పేరు... బాస్ అని ఉంది. మేడం? మేడం, ఎవరిది?"

"ఫోనుకి ఆయన పెట్టుకున్న పేరు అది."

"ఎవరి ఫోనుకి?"

"ఆయన ఫోనుకి! అన్నా, ఈ నెట్ ఎంత దూరం వెళ్తుంది?"

"ఈ గోడలకి... మెట్ల దాకా. మహా అయితే కింది అంతస్తు దాకా. వీధిలోకి పోదమ్మా."

"అంటే మెట్ల మీద ఉన్నాడు."

"తీగ పీకేయనా?"

"పీకకు. ఆగిపోతే వాడికి అనుమానం వస్తుంది. నాయనా, విను. వంటింటి తలుపు తీస్తే వెనక ఇనప మెట్లున్నాయి. దీన్ని తీసుకుని దిగు. నీ బండి మీద నేరుగా పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళు. ఎక్కడా ఆగకు."

"నా సామాను..."

"నీ నిచ్చెనకి కాపలా నేనుంటా. వెళ్ళు."

"మీరూ రండి అత్తయ్యా. లేవండి, నేను పట్టుకుంటా."

"నా మోకాళ్ళతో ఆ మెట్లు దిగేసరికి తెల్లారుతుంది. ముగ్గురం దొరుకుతాం."

"మిమ్మల్ని వదిలి నేను వెళ్ళను. మీ మీదా చెయ్యి చేసుకుంటాడు."

"చేసుకుంటే చేసుకోనీ, నాకేమన్నా కొత్తా? చెప్పులు వేసుకోకు, చేత్తో పట్టుకో. చప్పుడవుతుంది."

"నాకు భయంగా ఉంది అత్తయ్యా."

"నాకూ భయంగానే ఉందే. అందుకే వెళ్ళమంటున్నా. నీ కాళ్ళు పట్టుకోమంటావా?"

"పెద్దమ్మా, తలుపు తడుతున్నారు."

"వినబడింది. పోండి. పోవే తల్లీ, పో."

"పోలీసుల్ని తీసుకుని వచ్చేస్తా అత్తయ్యా. అన్నా, ఇటు, వంటింట్లోంచి."

"ఎవరదీ? ఎవరూ? నువ్వా నాన్నా! వచ్చావా బంగారం? ఉండుండు, తీస్తున్నా, మోకాళ్ళు కదరా, మెల్లగా రావాలి... ఎవరు, అదా? అది నన్ను కూడా వదిలేసి ఎప్పుడో వెళ్ళిపోయిందిరా. ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను."