లా కీబ్రా బస్సు వెనక పసుపు డైమండ్

నా పేరు డువాన్ ఎచెవెర్రీ. వయసు ఇరవై నాలుగు. వృత్తి గ్రాఫిక్ డిజైన్. మెదెయీన్‌లో చదివిన పట్టా ఉంది, మా అమ్మ దానికి ఫ్రేము కట్టించింది. సాన్ ఎలాదియో పోలీసు స్టేషన్‌లో, ఇన్‌స్పెక్టర్ కిసేనో గారి ఎదుట, ఏప్రిల్ 29 ఉదయం పది గంటలకు, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

మా ఊరి బస్సులకు బొమ్మలు వేసే దొన్ లిబార్దో మీద నిన్న ఫిర్యాదు రాసిచ్చింది నేనే. కేసు పడితే బస్సుల సంఘం ఆయన్ని ఇక బ్రష్షు పట్టనివ్వదు. అందుకే దాన్ని వెనక్కి తీసుకోవడానికి వచ్చాను.

మా సంఘానికి పన్నెండు చీవాలున్నాయి. చెక్క బస్సులు, పక్కలకు తలుపులుండవు, ఒక్కోటి ఒక్కో కొండ ఊరికి పోతుంది. ఒక్కోదాని వెనక దొన్ లిబార్దో నలభై ఏళ్లుగా చేత్తో వేసిన వలయాలు, నక్షత్రాలు, డైమండ్లు. ఏ రెండూ ఒకేలా ఉండవు. మార్చి 3న సమావేశంలో నేను లేచి, "బ్రాండ్ అంటే ఒకే ముఖం" అని ఉపన్యసించాను. అన్నిటికీ ఒకే బొమ్మ చూపించాను: నారింజలోంచి ఊదాలోకి మెల్లగా కరిగే రంగు, దానిమీద మూడు త్రికోణాలు, కింద సన్నటి తెల్ల అక్షరాల్లో బస్సు వెళ్లే ఊరి పేరు. చప్పట్లు కొట్టారు.

దొన్ లిబార్దో మాత్రం, "పన్నెండు మంది మగాళ్లకీ ఒకే ముఖం పెడితే, పెళ్ళాలు ఎవణ్ణి ఇంటికి తీసుకుపోవాలి నాయనా?" అన్నాడు.

అందరితో పాటు నేనూ నవ్వాను. "పేరు రాసుంటుంది కదా పెద్దాయనా, చదువుకుంటారు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. రికార్డులో ఉండాలి.

ఏప్రిల్ 12 నాటికి పాత బొమ్మలన్నీ గీకించేసి, అన్నిటికీ నాది వేయించాను.

ఏప్రిల్ 26, శనివారం, ఉదయం 6:40. దోన్యా రోస్మీరా, వయసు డెబ్బై ఎనిమిది, లా కీబ్రాలో తొమ్మిదింటికి చెల్లెలి ఖననానికి బయల్దేరింది. ఆమెకు చదువు రాదు. లా కీబ్రా బస్సంటే ఆమెకు ఎర్ర వలయంలో పసుపు డైమండ్. ఎవర్నీ అడగాల్సిన పని ఎన్నడూ పడలేదు. ఆ రోజు అది ఎప్పుడూ ఆగే చోట ఎల్ చాకీరో ఊరికి పోయే బస్సు నిలబడింది. వానకు పరదాలు దించారు, దారి కనబడలేదు. 8:10కి దిగేసరికి ఆమె ఎదురు కొండమీద ఉంది, చేతిలో కార్నేషన్ పూలతో. తిరుగు బస్సు పన్నెండింటికి.

"కళ్లు పోయాయయ్యా నాకు, మా బస్సునే గుర్తుపట్టలేకపోయా" అందట డ్రైవరుతో. ఆమె కళ్లు పోలేదు. ఆమె కళ్లు పోలేదని స్పష్టంగా రాయమని కోరుతున్నాను.

నిన్న ఉదయం 10:15కి, పట్టపగలు, అందరూ చూస్తుండగా, దొన్ లిబార్దో లా కీబ్రా బస్సుకు నిచ్చెన వేసి నా రంగులమీద బ్రష్షు పెట్టాడు. నేను పరుగెత్తాను.

"ఏం చేస్తున్నారు పెద్దాయనా? అది సంఘం ఆస్తి!"

"అవును నాయనా. కాస్త నిచ్చెన పట్టుకో, ఊగుతోంది."

పట్టుకున్నాను. ఆయన దిగేదాకా పట్టుకున్నాను. తర్వాత ఫొటో తీసి, ఇక్కడికొచ్చి ఫిర్యాదు రాశాను.

జరిగిన నష్టం వివరించమన్నారు. ఒక ఎర్ర వలయం. అందులో ఒక పసుపు డైమండ్, ఎత్తు నాలుగు జానలు. స్కేలు వాడలేదు. నాలుగు అంచులూ తిన్నగా ఉన్నాయి. కంప్యూటరు లేకుండా నాకు అది రాదు.

ఫిర్యాదుకు జతచేసిన ఫొటో దయచేసి మళ్లీ చూడండి. నిన్న నేను డైమండ్‌నే చూశాను. ఎడమ అంచున, నల్ల శాలువాలో, దోన్యా రోస్మీరా బస్సెక్కుతోంది. చేతిలో మళ్లీ కార్నేషన్లు. ఎవర్నీ ఏమీ అడగడం లేదు.

రాసింది నాకు చదివి వినిపించారు. ఇందులో ఉన్నది నేను చెప్పిందే, జరిగిందే.

సంతకం: డువాన్ ఎచెవెర్రీ