ఎ నొక్కితే క్యూ

అనువాదం పన్నెండింటికల్లా ప్రచురణకర్తకు చేరాలి. పదకొండున్నర దాటాక మామగారు తన లైనక్స్ ల్యాప్‌టాప్ ముందు చెమటలు కక్కుతూ కోడలిని కేకేశారు.

“మూడేళ్లుగా కొడుతున్న పాస్‌వర్డేనమ్మా! ఇవాళ తప్పంటోంది.”

“పొద్దున కీబోర్డు తుడిచారా?”

“దుమ్ము పట్టిందని గట్టిగానే రుద్దాను.”

“అప్పుడే ఏవో రెండు మీటలు కలిసి నొక్కుకుపోయి లేఅవుట్, అదే అక్షరాల అమరిక, మారుంటుంది. ఆ కన్ను గుర్తు నొక్కి కొట్టండి మావయ్యా, ఏ అక్షరాలు పడుతున్నాయో చూద్దాం.”

“నువ్వు అటు తిరుగు.”

“అటు తిరిగితే నాకు గోడ కనిపిస్తుంది గానీ తప్పు కనిపించదు. కొట్టండి.”

ఆయన దేవుడి మీద భారం వేసి కొట్టారు.

“కె, ఓ, డి, క్యూ... ఓహో! ‘ఎ’ నొక్కితే ‘క్యూ’ పడుతోంది. ఫ్రెంచ్ లేఅవుట్‌లోకి పోయింది. ఇదిగో, పై మూలన ఇంగ్లీషు పెట్టాను. మళ్లీ కొట్టండి.”

ఈసారి అక్షరాలన్నీ సరిగ్గా పడ్డాయి. ల్యాప్‌టాప్ తెరుచుకుంది. కోడలు మాత్రం తెర మీద పడ్డ పాస్‌వర్డును పైకి చదివింది.

“‘కోడలి కాఫీ చేదు.’ నాతో చెప్పలేక మూడేళ్లుగా దీంతో చెప్పుకుంటున్నారా?”

మామగారికి ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

“చెబితే నొచ్చుకుంటావని...”

“నాకూ చేదేనండీ! మీకు అలాగే ఇష్టమని మీ అబ్బాయి చెబితే, ఒకే గిన్నెలో కలిపి నేనూ కళ్లు మూసుకుని తాగుతున్నాను.”

“వాడి మాట నమ్మావా? వాడు తాగేది టీ కదమ్మా!”

“ముందు మీ అనువాదం పంపండి మావయ్యా. ఆయన సంగతి ఇద్దరం కలిసి చూద్దాం.”