గాలి అక్కర్లేని పెట్టె

ఏంటీ, పాటలు వాయించే యంత్రం నువ్వే చేస్తావా? కాలేజీలో చేసి తెమ్మన్నారా? సరే, కూర్చో. అది మా బావ ఎప్పుడో చేశాడు. మా బావంటే అక్క మొగుడు, రేడియోలు బాగుచేసేవాడు. ఎవరొచ్చినా "రేపు రా" అంటాడని ఆయన్ని రేపురా మేస్త్రీ అనేవాళ్లు. నా కుక్కర్ కూడా... అది వేరే కథలే. అక్కేమో హార్మోనియం నేర్పేది. పక్షవాతం వచ్చి ఎడంచెయ్యి పడిపోయింది. కుడిచెయ్యి మెట్ల మీద ఉంటే వెనక తిత్తికి గాలి కొట్టేది ఎడంచెయ్యే కదా, మరి? "గాలి నేను కొడతాలే" అన్నాడు బావ. కొట్టాడు కూడా. "పాటకు కొడుతున్నారా, సైకిలు టైరుకా?" అంది అక్క. మూడోరోజు పెట్టె మూసేసింది. "ఒకరి చేత గాలి కొట్టించుకుని వాయించే బతుకు నాకొద్దు" అంది. ఇక అరుపుల్లేవు, తిట్లు లేవు. పక్కింట్లో ఉండే నాకే భయమేసింది. మా అక్క అరవడం లేదంటే మనిషి సగం పోయినట్టే.

అప్పుడు గాలి అక్కర్లేని పెట్టె చేస్తానని ఈయన మైక్రోకంట్రోలర్ తెప్పించాడు, గోరంత చిప్పు. ఏం చెయ్యాలో కంప్యూటర్లో రాసి దానికి ఎక్కించాలట. అరవై రెండేళ్ల మనిషి, రెండు వేళ్లతో టైపు కొట్టేవాడు. ఎక్కడ చుక్క తప్పినా పెట్టె మూగనోము పట్టేది. బిస్కెట్ల డబ్బా, కాలింగ్‌బెల్ మీటలు పదమూడు, పాత రేడియో స్పీకరు. మొదటిసారి దోమలా మోగింది. రెండోసారి దోమల గుంపు. ఒక్కో స్వరానికీ హార్మోనియం మెట్టు నొక్కడం, చెవితో పోల్చుకోవడం, కంప్యూటర్లో అంకె మార్చడం. ఎనిమిది నెలలు! ఊళ్లో రేడియోలన్నీ రేపే.

ఇచ్చాడు. అక్క ఒంటిచేత్తో వాయించింది. "అంతా ఒకే ఎత్తు. లేవదు, వాలదు. గాలి ఉంటే పాట ఊపిరి పీలుస్తుంది" అంది. మర్నాడు ఒక నాబు బిగించి తెచ్చాడు, తిప్పితే మోత పెరిగి తగ్గేలా. మేస్త్రీ తెలివి చూడు మరి! "ఆవిడకున్నది ఒకటే చెయ్యి, అది మీటల మీదుంటే నాబు ఎవరు తిప్పుతారు బావా?" అన్నాను. "అది ఆలోచించలేదు బామ్మర్దీ" అన్నాడు. అంత కష్టపడి మళ్లీ అక్క పక్కనే స్టూలు వేసుకు కూర్చున్నాడు. "నెమ్మదిగా తిప్పండి, కుళాయి అనుకున్నారా?" అని అరుపు. నవ్వుతావేం, ఆ అరుపు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగేళ్లు అలాగే సాగింది.

చివర్లో ఆయనకి చెవులు మందగించాయి. నాబు చివరిదాకా తిప్పేసేవాడు. ఒకరోజు దుకాణంలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఏడాదిపాటు అక్క ఆ డబ్బా జోలికే పోలేదు. ఓ మధ్యాహ్నం మోగింది చూడు, వీధి అదిరిపోయింది. పరుగున వెళ్లి తగ్గిద్దామని నాబు మీద చెయ్యేశాను. ఫట్‌మని కొట్టింది అక్క, బాగున్న చేత్తో.

"కదపకు. ఆయన అక్కడికి తిప్పారు."

అంతే. ఇప్పటికీ రోజూ నాలుగింటికి అదే మోత. వీధిలో ఒక్కరూ నోరెత్తలేదు.

నాలుగవుతోంది. ఆ కిటికీ వెయ్యి.