రాజుగారు వెనక్కి పంపిన పులుసు

ఎవరు, వెంకటపతిరాజు గారా? ఎమ్మెల్యే చేసినాయన హైకోర్టు జడ్జీ ఎలా అయ్యారంటావా? అయ్యార్రా ఉదయ్, నేను కళ్ళారా చూశాను కదా. ముందు నర్సాపురం కోర్టులో ప్లీడరు. మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి బలవంతాన ఎలక్షన్లో నిలబెడితే గెలిచారు. అయితే రాజకీయానికి పనికొచ్చే మనిషి కాదులే. రెండోసారి ఓట్లకొచ్చి, జీపు మీద నిలబడి, "అవతలాయన కూడా మంచివాడేనండీ, రోడ్డు సంగతిలో ఆయన చెప్పింది నిజమే" అంటారు! పక్కనున్నోళ్ళు చొక్కా పట్టుకు లాగుతున్నారు. ఇంకెవడేస్తాడు ఓటు? ఓడిపోయారు. ఓడిపోయి, హమ్మయ్య అనుకుని నల్లకోటు దులుపుకుని హైదరాబాదు పోయారు. అక్కడ ప్లీడరుగా పెద్ద పేరొచ్చింది, తొంభైల్లో జడ్జీని చేశారు. ఇరుపక్కలా వినే బుద్ధి అక్కడ పనికొచ్చింది మరి. ఇదిగో, ఆ టీ చల్లారిపోతంది, తాగు.

ఆ, ఎక్కడున్నాం? రొయ్యల చెరువుల రోజులవి. బంగార్రాజని ఒకాయన, భీమవరం వైపు నుంచి వచ్చి మన కాలవ పక్క పొలాలన్నీ కొన్నాడు. కొంటే కొన్నాడు, కాలవకి అడ్డంగా గట్టేశాడు. "నా పట్టాలో ఉంది, నా ఇష్టం" అంటాడు. అది మన పడవలు సముద్రంలోకి పోయే దారిరా! గట్టు పడ్డాక పడవలన్నీ ఒడ్డున ఎండిపోయాయి. కింది కోర్టులో ఓడిపోయాం. అప్పీలు కూడా పోయిందంటే పడవలమ్ముకుని వలస పోవడమే, ఈ పేట ఉండేది కాదు, నువ్వు ఇక్కడ కూర్చుని టీ తాగేవాడివీ కాదు. అలాంటప్పుడు మన ప్లీడరు జగన్నాథరావు గారు చెప్పారు, అప్పీలు వెంకటపతిరాజు గారి దగ్గరికే వచ్చిందని. ఇంకేముంది, పేటంతా పండగ! "మన రాజుగారేరా, గెలిచేసినట్టే" అని కుర్రాళ్ళు ఈలలు.

మా అక్క మరిడమ్మ ఊరుకుంటుందా? "ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు ఆయన గుమ్మం ఉత్తచేతుల్తో ఎప్పుడైనా తొక్కామా? గోదారికి ఎర్రనీరొచ్చింది, పులస చేప పడతంది" అంది. మనలో మర్యాద అది కదా, కొత్త పులస ముందు పెద్దమనిషి ఇంటికెళ్ళాలి. పులుసు వండింది. మర్నాటికి గానీ ముక్కకి రుచి పట్టదు కాబట్టి ప్రయాణానికి సరిపోద్ది. స్టీలు క్యానుకి గుడ్డ కట్టి నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, నేనూ అక్కా. పెట్టెలో ప్రతివాడూ "ఎవరిదండీ ఆ పులుసు" అనడమే! హైదరాబాదులో ఇంటికెళ్తే రాజుగారి భార్య సూర్యకాంతమ్మ గారు "అయ్యో మరిడమ్మా, ఎంత దూరం వచ్చావే" అని లోపలికి తీసుకెళ్ళారు. రాజుగారు వచ్చి పేటలో ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి అడిగారు. అంతా బాగానే ఉంది. ఇంతలో మా అక్క నోరూరుకోక, "రేపు మన కాలవ కేసు తవరి దగ్గరికేనంట కదండీ" అంది. ఆయన మొహంలో నవ్వు పోయింది. లేచి నిలబడ్డారు. "మరిడమ్మా, ఆ క్యాను పట్టుకెళ్ళిపో. ఇంకో మాట మాట్లాడకు" అన్నారు. అంతే. మర్నాడు కోర్టులో, "కక్షిదారులు మా ఇంటికొచ్చారు. ఈ కేసు నేను వినను" అని వేరే జడ్జీ గారికి పంపేశారు.

జగన్నాథరావు గారు నెత్తి కొట్టుకున్నారు. పేటలో అయితే, "కొంప ముంచేసింది మరిడమ్మ" అని ఆడా మగా దాన్ని దుమ్మెత్తిపోశారు. నాకిప్పటికీ ఒళ్ళు మండుద్ది. చేప పట్టుకెళ్తే తప్పేంట్రా? అది లంచమా? పాపం, అక్క మంచం పట్టినంత పనైంది. అయితే దేవుడున్నాడు. ఆ వేరే జడ్జీ గారు, సముద్రపు పోటూ పాటూ ఆడే కాలవ ఎవడి పట్టాలో ఉన్నా జనం దారేనని గట్టు తవ్వించేశారు. పలుగులు పట్టుకుని నీళ్ళలో దిగి ఏడ్చామనుకో. హమ్మయ్యా!

రిటైరయ్యాక పాలకొల్లులో పెళ్ళిలో కనబడ్డారు రాజుగారు. పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను ఉండబట్టలేక, "ఆ వేళ మా అక్క తొందరపడింది గానండీ, తవరే వినుంటే ఇంకా ముందే గెలిచేవాళ్ళం" అన్నాను. ఆయన విస్తరి వైపే చూస్తూ, "లేదు అమ్మిరాజూ. ఓడిపోయేవారు" అన్నారు. నాకర్థం కాలేదు. "కాగితాలన్నీ ముందే చదివాను. నా బుర్రకి న్యాయం బంగార్రాజు వైపే కనబడింది. ఆ పోటూ పాటూ సంగతి నాకు తట్టనే లేదు. తప్పుకుందామంటే, మీకు ఎదురు రాయడానికి భయపడి పారిపోతున్నానేమోనని మనసొప్పలేదు. మీకు ఓటమి రాసి మళ్ళీ ఈ నేల మీద ఎలా అడుగుపెట్టను అనుకుంటూ కూర్చున్నాను. అప్పుడొచ్చింది మీ అక్క. మిమ్మల్నే కాదు, నన్నూ గట్టెక్కించింది" అన్నారు.

ఎంత గండం తప్పింది! మరిడమ్మని తిట్టినోళ్ళందర్నీ వరసగా నిలబెట్టి ఈ మాట చెప్పాలనిపించింది. దానికి చెబితే ఏమందో తెలుసా? "అయితే ఆ తీర్పు రాయాల్సొచ్చుంటే మనకంటే ఆయనకే కష్టమయ్యేదిరా, పాపం" అంది. ఆయనా లేరు, అక్కా లేదు...

లే, లే. పోటెక్కుతోంది. మీ నాన్న పడవ వచ్చేసరికి తాడందుకోవాలి.