ఇటలీ పంతులుగారు, మీ తాతగారు

"మామ్మా, తాతగారు పత్రికలో రాసేవారంట కదా?"

రాసేవారు. ఆయన దస్తూరీ ఎవరికీ అర్థమయ్యేది కాదు, అన్నీ నేనే తిరగరాసేదాన్ని. ఆ మాటెత్తితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుందమ్మాయ్.

ఆ వేళ పొద్దున్న సరిగ్గా ఎనిమిదింపావు. ఏలూరు ఇంట్లో ఆయనకి మజ్జిగన్నం కలుపుతున్నాను. ఆయన పాఠాలు చెప్పే బడి ప్యూను కాయితం తెచ్చాడు. కొల్లేరు పాట గురించి ఇక మాట్లాడను, రాయను అని సంతకం పెట్టాలి. లేదంటే ఉద్యోగం లేదు.

పాటంటే తెలుసుగా? తెల్లదొరల రోజులు. సరస్సులో చేపల హక్కు వేలంలో పాడుకున్నవాడు పాటదారు. వల ఎవరిదైనా చేప అతని పాకలోనే, అతను చెప్పిన ధరకే దించాలి. ఆకివీడు సంతకి ఒక్క బుట్ట తీసుకెళ్ళినా పడవ లాక్కునేవాడు. బడి కమిటీకి పెద్ద కూడా అతనే.

మీ తాతగారేమో ఎకనామిక్స్ చదివారు. ఇటలీలో ఓ పంతులుగారి జీవితం వారం వారం రాసేవారు. పేరు నాకు నోరు తిరగదులే. యూనివర్సిటీలో పాఠం చెప్పాడు, పత్రిక నడిపాడు, పార్లమెంటులోనూ కూర్చున్నాడు. బయటి సరుకుని సర్కారు అడ్డగించి నలుగురు వర్తకుల్ని పోషిస్తే మిగతా జనమంతా ఆ బరువు మోస్తారని జన్మంతా వాదించాడు. మన కొల్లేరు పాటా ఇలాంటిదేనని మీ తాతగారు మధ్యలో కలిపేవారు. చివరికి అక్కడి సర్కారు, మాకు విధేయుణ్ణని ప్రమాణం చెయ్యమంది. చెయ్యనని ఉద్యోగం వదిలేసి ఇంటికెళ్ళిపోయాడు. ఆ ముక్క నేను రెండుసార్లు తిరగరాశాను.

ఇదంతా చదివించుకుని విని, కొల్లేటి లంకల్లో జాలర్లు పాకలో చేప దించడం మానేశారు. మా పెరట్లోకొచ్చి, "మీరుంటే చాలండీ పంతులుగారూ" అన్నారు.

మీ తాతగారు కాయితం చదివి కలం అడిగారు.

"సంతకం పెడతారా ఏవండీ? మొన్నేగా ఆయన గురించి రాశాం?"

"ఆయనకి ద్రాక్షతోటలున్నాయే. మనకేముంది?"

"ఆ తోటల సంగతి నాచేత రాయించలేదేమండీ మరి?"

"ముందు కలం ఇవ్వు."

నేనివ్వలేదు. ప్యూను జేబులోంచి తీశాడు. అదీ పంపించారు, చూశావా!

వారం తిరక్కుండా లంకల్లో మూడు పడవలు లాక్కున్నారు. మా అత్తగారు, "వాడి ఉద్యోగం నిలబడింది, నీకు ఏడుపెందుకే" అన్నారు. ఎందుకా? ఆ రాతలన్నీ నా చేతివి.

పది రోజులయ్యాక కాలవ గట్టున అదే బడి డ్రిల్లు మాస్టారి భార్య సామాను పడవలోకి ఎక్కిస్తోంది. మా వీధిలోనే అద్దెకుండేవాళ్ళు. సెంటు భూమి లేదు, ముగ్గురు పిల్లలు.

"బదిలీయా అమ్మా?" అన్నాను.

"కాదండీ. ఆ కాయితం పంతుళ్ళందరికీ పంపారు కదండీ. మా ఆయన సంతకం పెట్టలేదండి."