ఈలేస్తే వచ్చిన మట్టి

సముద్రాలవతల కానింగ్ వేల్‌లో వంశీధర్ వాళ్ళ పెరట్లో ఆదివారం ఆర్వో బార్బీ, అంటే మధ్యాహ్నం పూట నిప్పుల మీద మాంసం కాల్చుకునే విందు. విందుకొచ్చిన ద్వారకానాథ్ కోతలకు నోరు తెరిచాడంటే, వినేవాళ్ళు మైమరిచి పొయ్యి మీద కోడిముక్కలు మాడినట్టే లెక్క. పొద్దున్నే సొంతూరు కదిరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మెట్టచేను గట్టు తెగిందట, మట్టంతా వాన నీళ్ళకు కొట్టుకుపోయి వంకపాలయిందట. "ఎప్పుడొస్తావన్నా?" అన్నాడు. అప్పట్నుంచీ ద్వారకానాథ్‌కి ముద్ద దిగడం లేదు. ఆ సంగతి భార్య భ్రమరాంబకు తప్ప ఎవరికీ తెలీదు. అందుకే ఈరోజు కోతలు మరీ పెద్దవి కోస్తున్నాడు.

"మేం పనిచేసే ద్రాక్షతోట యాడుందీ? కొండవాలు మీద. ట్రాక్టర్‌కు సులువని ఓనరు సాళ్ళన్నీ పైనుంచి కిందికి నిలువుగా పెట్టించినాడు. ఒక్క వానకే మట్టి జారి రోడ్డెక్కె. నేనేం చేస్తి? మా ఊర్లో మాదిరి వాలుకు అడ్డంగా రాళ్ళగట్టు వేస్తి, సాళ్ళ నడుమ గడ్డి పరిస్తి, నీళ్ళు పోయేకి ఓ పక్క దోవ విడిస్తి. మట్టి ఆగిపాయ!"

అంతవరకూ నిజమే.

"సూపర్ అంకుల్," అన్నాడు వంశీధర్. అక్కడ ఆపొచ్చు. కానీ ఆపితే తమ్ముడి గొంతు చెవిలో మోగుతుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? జూలైలో తుఫాను! ఈసారి మట్టి కాదప్పా, కొండే కదిలె. ఓనరు ఏడుస్తా కారెక్కె. నేను కొండకు అడ్డంగా పండుకుంటి. అదొచ్చి నా వీపుకు ఆనె. 'యాడికి పోతావే?' అంటి. నిలిచిపాయ."

"సీరియస్‌లీ? ఎంతసేపు అంకుల్?" వంశీధర్ భార్య భానుశ్రీ నవ్వాపుకోలేకపోతోంది.

"వాన నిలిచేదాకా! పండుకొనే టీ తాగితి."

"మరి అప్పటికే జారిపోయిన మట్టి?" అడిగాడు వంశీధర్.

"దాన్నా? ఈలేసి పిలిస్తి! రోడ్డు మీంచి, కాలవలోంచి గొర్రెలమంద మాదిరి వచ్చె. ఏ తీగ మట్టి ఆ తీగ మొదట్లో కూచునె. అన్నిటికన్నా వెనకాల, ఆయాసపడతా, గుప్పెడు ఎర్రమట్టి వచ్చె. ఎత్తి వాసన చూస్తి. మా చేనిది! వేరుశెనక్కాయల వాసన. 'సముద్రం దాటి ఇంత దూరమెందుకొస్తివే?' అంటి."

"ఏమంది?" అంది భానుశ్రీ.

"'నువ్వు రాకపోతివి గదా, నేనే వస్తి' అనె."

ఆ మాట అనాలని అతను అనుకోలేదు. అందరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు, భ్రమరాంబ తప్ప.

"ఏమయ్యా," అందామె మెల్లగా, "ఈలేస్తే వచ్చేదయితే పొద్దున మీ తమ్మునికి ఆ మాటే చెప్పకపోయినావా? పాపం, వంకలో దిగి ఒక్కడే తట్టలతో మోస్తా ఉండాడు, తెగిన మన చేని మట్టి."

నవ్వులు ఆగిపోయాయి. ద్వారకానాథ్ ప్లేటు కింద పెట్టాడు. పార పట్టీపట్టీ కాయలు కాసిన చేతులు చూసుకున్నాడు. ఇవన్నీ పరాయి కొండ మీద కాసినవే.

"పోవాల భ్రమరా," అన్నాడు. "నాకు మన చేను కావాల. పోయి గట్టు వేయాల."